రెండో కంప్యూటర్ పాడైందన్నాడు

ఇవాళ్టి నుంచి మిమ్మల్ని మీరు అనే పిలుస్తాను. నిన్నమొన్నటిదాకా నువ్వు అన్నాను, కోపం వచ్చినప్పుడు ఇంకా తక్కువగా కూడా అన్నాను, ఏమీ అనుకోకండి. మా ఆయన అనుకున్నాను. ఐదు నెలలుగా ఈ జాడీలో ఉన్నది మా ఆయన బూడిదే అనుకుని, పొద్దున లేస్తే చాలు మీ ఎదురుగా కాఫీ గ్లాసు పెట్టుకుని కూర్చుని వాగుతున్నాను. మీరు వేరే ఆవిడ మొగుడని ఈ మధ్యే తెలిసింది.

అయినా మీరైనా చెప్పొద్దా అండీ? సరేలెండి, మీరెలా చెప్తారు.

అసలు నాకే అనుమానం రావాల్సింది. ఇన్నాళ్ళు ఏం చెప్పినా అడ్డం రాకుండా విన్నారు. మా ఆయనైతే నేను రెండు ముక్కలు మాట్లాడేలోపు "అది కాదు, ముందు నేను చెప్పేది విను" అనేవాడు. చనిపోయాక మనిషికి ఓపిక వచ్చిందనుకుని మురిసిపోయాను చూడండి, అదీ నా తెలివి.

మీ ఆవిడ బయల్దేరిందట. ఇంకాసేపట్లో వచ్చి మిమ్మల్ని తీసుకెళ్ళిపోతుంది. అందుకే జాడీ శుభ్రంగా తుడిచాను, మూత బిగించాను. ఈలోపు మీకు ఒక సంగతి చెప్పాలి. మిమ్మల్ని తెచ్చి ఈ ఆఫీసులో నా బల్ల మీద కూర్చోబెట్టింది ఎవరో కాదు, మా ఆయనే. చనిపోయాక కూడా ఆ పని ఆయనే చేశాడు. ఎలాగంటారా, వినండి.

మాదో చిన్న ఆఫీసు. కింద టైలరు కొట్టు, పైన మేము. రెండు గదులు. ఒక గదిలో ఆయన ప్రోగ్రాములు రాసేవాడు, రెండో గదిలో నేను వాటిని పరీక్షించేదాన్ని. అంటే ఆయన గోడ కడితే నేను వెళ్ళి గట్టిగా తన్ని చూడటం, పడిపోతే మళ్ళీ కట్టమనడం. అదే నా ఉద్యోగం, అదే మా కాపురం కూడా.

ఊళ్ళో దహనశాల ఉంది కదా, కరెంటుది, మిమ్మల్ని తీసుకెళ్ళింది అక్కడికే. వాళ్ళ పని నడిచేది మా ప్రోగ్రాముతోనే. మనిషి పోతే ఇంటివాళ్ళు వచ్చి కౌంటర్లో వివరాలు చెప్తారు. అక్కడ కూర్చునే ఆవిడని పెద్దా చిన్నా అందరూ అక్కా అనే పిలుస్తారు. అక్క ఆ వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించగానే లోపల డేటాబేస్ ఆ మనిషికి తనంతట తనే ఒక నంబరు ఇస్తుంది. ఆ నంబరు ట్యాగు మీద అచ్చవుతుంది. ట్యాగు మనిషికి కడతారు. లోపలికి వెళ్ళాక ఇక పేరూ ఉండదు, మొహమూ ఉండదు, అక్కడ దహనం చేసే పెద్దాయనకి ఆ నంబరే మనిషి. జాడీ మీద రాసేదీ అదే నంబరు.

రద్దీగా ఉంటే మేనేజరుగారు కూడా పక్క కౌంటర్లో కూర్చుంటారు. అంటే రెండు కంప్యూటర్లు. ఇది గుర్తుపెట్టుకోండి, నా బతుకంతా ఈ రెండో కంప్యూటర్ దగ్గరే తిరిగింది.

నంబరు ఎంతో ముందుగా ఎవరికీ తెలీదు. డేటాబేస్ ఇచ్చాకే తెలుస్తుంది. మరి ఏది ఇచ్చిందో ఎలా తెలుసుకోవాలి? "ఇదిగో, ఇప్పుడు నేను రాసిన ఈ మనిషికి ఏ నంబరు ఇచ్చావు?" అని అడగాలి. రాసిన నోటితోనే అడిగితే చక్కగా చెప్తుంది. దానికోసం ఏర్పాటు ఉంది, ఒకే ఒక్క లైను. మా ఆయన అది అడగలేదు. "నీ దగ్గరున్న నంబర్లన్నిటిలో పెద్దది ఏది?" అని అడిగాడు.

కొత్తగా ఇచ్చిందే అన్నిటికంటే పెద్దది కాబట్టి రెండూ ఒకటే కదా అంటారు మీరు. ఆయనా అదే అన్నాడు.

ప్రసూతి ఆసుపత్రికి వెళ్ళి "మా ఆవిడకి పుట్టిన బిడ్డని ఇవ్వండి" అని అడుగుతారు గానీ, "అందరికంటే చివర పుట్టిన బిడ్డని ఇవ్వండి" అని అడుగుతారా ఎవరైనా? మీరు నర్సుని పిలిచి అడిగేలోపు పక్క మంచం మీద ఇంకో ఆవిడ ప్రసవించిందనుకోండి. ఆ బిడ్డని ఎత్తుకుని ఇంటికొచ్చేస్తారు. ఇక్కడా అంతే. అక్క ఒకరిని రాసి, నంబరు అడిగేలోపు, పక్క కౌంటర్లో మేనేజరుగారు ఇంకొకర్ని రాశారంటే, పెద్ద నంబరు ఆ రెండోవాళ్ళది అయి కూర్చుంటుంది. రెప్పపాటు చాలు.

ఈ మాట నేను రెండేళ్ళ కిందటే చెప్పాను. ఇలా చేయకు, ఏదో ఒకరోజు కొంప మునుగుతుంది అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు. "చచ్చినవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ వస్తారటే?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నువ్వు మార్చేదాకా ఈ ప్రోగ్రాముకి నేను సరే అనను, అన్నాను. సరే అనాల్సింది నేనే కదా మరి, నేను ఊ అంటేగానీ మా ఆఫీసు నుంచి ఏదీ గడప దాటదు. ఆయన మొహం మాడ్చుకుని లోపలికెళ్ళిపోయాడు.

వారం పోయాక అన్నం తింటుంటే అడిగాను, ఆ నంబరు సంగతి ఏమైందని. తల ఎత్తకుండానే చెప్పాడు. "ఎప్పుడో చేసేశాను తల్లీ. రేపు వచ్చి నువ్వే తన్ని చూసుకో."

మర్నాడు వెళ్ళాను. అక్క కుర్చీ ఖాళీ చేసి నన్ను కూర్చోబెట్టింది. పక్క కౌంటర్లో రెండో కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంది. అదేంటి అన్నాను. పాడైంది, బాగు చేయించాలి, అన్నాడు మా ఆయన. సరేనని ఒక్కదాని మీదే మొదలుపెట్టాను. లేని మనుషుల్ని పుట్టించి, చంపి, ఒక్కొక్కర్నీ ఎక్కించాను. తాతల్ని, మామ్మల్ని, మా చిన్నప్పటి లెక్కల మాస్టారిని కూడా చంపేశాను. నంబరు ఒక్కసారి కూడా తప్పలేదు.

ఎందుకు తప్పుతుంది? గదిలో ఒక్కళ్ళే ఉన్నప్పుడు చివర వచ్చిందెవరంటే ఆ ఒక్కళ్ళే కదా.

రెండోది బాగయ్యాక ఇంకోసారి వస్తాను అన్నాను. ఆయన నా చేతిలో సంచీ తీసుకుని నడిచాడు. ఇంటిదాకా ఈల వేస్తూనే ఉన్నాడు. అది చూసి నాకే జాలేసింది. పాపం, చేశానన్నాడు కదా, ఎన్నిసార్లని వెంటపడతాను అనుకున్నాను. ఎవర్నీ నమ్మకపోవడానికే నాకు జీతమిస్తారండీ. ఆయన్ని నమ్మాను. సరే అని సంతకం పెట్టాను.

ఆ తర్వాత ఆ సంగతే మర్చిపోయాను.

ఐదు నెలల కిందట ఇంకో పనిలో ఇంకో తప్పు దొరికింది. ఈసారి పొరపాటున బయటివాళ్ళ ముందు చెప్పేశాను. ఇంటికొచ్చాక ఆయన చెప్పులు కూడా విప్పలేదు, గుమ్మంలోనే నిలబడి, "నీకు నా తప్పులు తప్ప నేను కనపడను" అన్నాడు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. మెల్లగా అన్నాడు. ఇక మాటల్లేవు. నేనూ పట్టుదలకి పోయాను. అలా పలకరించుకోకుండా ఉన్నప్పుడే ఒకరోజు ఆఫీసు మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయాడు. కింద టైలరు పరిగెత్తుకొచ్చి నన్ను పిలిచేసరికి అయిపోయింది. గుండె.

నన్ను ఎవరూ కదలనివ్వలేదు. దహనశాలకి మా మరిది వెళ్ళాడు. అక్క కౌంటర్లో నిలబడి వాళ్ళన్న వివరాలు చెప్పాడు. పక్క కౌంటర్లో మేనేజరుగారికి ఎవరో ఒకాయన వాళ్ళ మామగారి వివరాలు చెప్తున్నాడు. ఆ మామగారు మీరే. అక్కా, మేనేజరుగారూ ఒక్కసారే మీట నొక్కారు. ఎప్పుడూ జరగదు అన్నాడే మా ఆయన, అది ఆయన కోసమే జరిగింది. పెద్ద నంబరేదని రెండు కంప్యూటర్లూ అడిగాయి, రెండిటికీ మీ నంబరే వచ్చింది.

లోపల పెద్దాయన దగ్గరికి ఇద్దరు మనుషులు, రెండు ట్యాగులు, ఒకటే నంబరు. ఆయన దగ్గరున్న ఆ రోజు నంబర్ల పట్టీలో మాత్రం ఇద్దరికీ వేరువేరు నంబర్లున్నాయి. ఆయనేం చేస్తాడు? మొన్న నాతో అన్నాడు, "ఏడుస్తున్నవాళ్ళ దగ్గరికెళ్ళి ఇందులో మీ మనిషెవరో వచ్చి చూడండి అని ఎలా అడగనమ్మా?" అని. పెన్ను తీసి, ముందు లోపలికొచ్చినవాళ్ళ ట్యాగు మీద ముందు నంబరు దిద్దాడు. ముందొచ్చింది మీ బండి. ముందు నంబరు మా ఆయనది. అలా మీరు నా దగ్గరికొచ్చారు.

నాకు ఇదంతా తెలిసేదే కాదు. పోయిన వారం మేనేజరుగారు ఫోన్ చేసి, "అమ్మా, రెండు ట్యాగులకి మళ్ళీ ఒకే నంబరు వచ్చింది. ఈసారి పెద్దాయన ఆపేసి చెప్పాడు కాబట్టి సరిపోయింది. ఒకసారి వచ్చి చూడండి" అన్నారు.

మళ్ళీనా, ఇంతకుముందు ఎప్పుడొచ్చింది, అన్నాను.

గొంతు తగ్గించారాయన. "సారుని తెచ్చిన రోజమ్మా" అన్నారు.

వెళ్ళాను. ప్రోగ్రాము తెరిచాను. ఆ లైను అలాగే ఉంది. ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు. అయినా చూడండి నా మనసు, అప్పటికి కూడా ఆయన వైపే మాట్లాడింది. మర్చిపోయి ఉంటాడు, చేశాననుకుని ఉంటాడు, పని ఒత్తిడిలో పొరపడి ఉంటాడు అనుకున్నాను. ఆ లైను నేనే మార్చాను. మార్చి, అక్కని ఒక దాని ముందు, నేను రెండో దాని ముందు కూర్చుని, ఒకటీ రెండూ మూడూ అనుకుంటూ ఒక్కసారే మీట నొక్కాం. మళ్ళీ మళ్ళీ నొక్కాం. ఎవరి నంబరు వాళ్ళకే వచ్చింది.

కుర్చీలోంచి లేస్తూ ఊరికే అడిగాను, ఈ రెండో కంప్యూటర్ బాగుచేయించి ఎన్నాళ్ళయింది అక్కా, అని.

"అదెప్పుడు పాడైంది?" అంది అక్క.

నేను పరీక్షకి వచ్చిన రోజు పాడై ఉంది కదా, గుడ్డ కప్పి ఉంది కదా, అన్నాను.

అక్క నవ్వేసింది. "ఓ, అదా. నువ్వొస్తున్నావని సారే ప్లగ్గు పీకి గుడ్డ కప్పించారమ్మా. రెండూ కనపడ్డాయంటే మా ఆవిడ ఇవాళ నన్ను ఇంటికి పోనివ్వదు అన్నారు. మేమంతా ఒకటే నవ్వు."

నేను కూడా నవ్వానండీ. అక్కడ నవ్వకపోతే బాగుండదని నవ్వాను. మెట్లు దిగి అక్కడే చెప్పుల పక్కన కూర్చున్నాను.

మర్చిపోయినవాడు గుడ్డ కప్పడు. రెండిటి మీద పరీక్షిస్తే తప్పు బయటపడుతుందని తెలిసినవాడే కప్పుతాడు. నేను చెప్పింది నిజమని ఆయనకి తెలుసు. అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది. అర్థమైంది కాబట్టే అంత బాగా దాచగలిగాడు. ఆ లైను మార్చడానికి ఎంతసేపు పడుతుందో చెప్పనా? మొన్న నేను మార్చినప్పుడు పొయ్యి మీద పాలు పొంగేంతసేపు కూడా పట్టలేదు. ఆయన ప్లగ్గు పీకి, గుడ్డ వెతికి, కప్పి, నలుగురికీ జోకు చెప్పడానికి అంతకంటే ఎక్కువే పట్టి ఉంటుంది.

నా మాట నెగ్గకూడదు, అంతే. ఒక్కసారి, ఒక్క విషయంలో, నేను సరే అని తలూపి ఇంటికి రావాలి. దానికోసం నన్ను అక్కడ కూర్చోబెట్టి, లేని మనుషుల్ని రాయిస్తూ వెనక నిలబడి చూశాడు. నేను ఎంత శ్రద్ధగా చేస్తున్నానో చూస్తూనే ఉన్నాడు. తర్వాత ఈల వేశాడు. ఆ ఈల విని నాకు జాలేసింది కదా, నన్ను కాల్చేస్తున్నది అదేనండీ. తప్పు చేసినందుకు కాదు. తప్పులు చేయడం ఆయన పని, పట్టుకోవడం నా పని, అలాగే ఇన్నేళ్ళు అన్నం తిన్నాం. నా కళ్ళు కప్పాడు. నాకున్నవల్లా ఆ కళ్ళే.

అప్పటికి కూడా జాడీలు మారాయో లేదో ఖాయంగా తెలీదు. పెద్దాయన దిద్దింది సరిగ్గానే కుదిరి ఉండొచ్చు కదా అని ఒక ఆశ. లోపలికెళ్ళి ఆయన్నే అడిగాను. అడిగేసరికి, "ఒకాయన దాంట్లో ఇనప రాడ్డు మిగిలిందమ్మా, కవర్లో చుట్టి జాడీతో పాటు ఇచ్చేశాను" అన్నాడు.

మా ఆయన కుడి తొడలో రాడ్డు ఉంది. పెళ్ళికి ముందే బండి మీద నుంచి పడ్డాడు. వాన పడితే చాలు ఆ కాలు పట్టుకుని మూలిగేవాడు, నేను వేడినీళ్ళ సీసా పెట్టేదాన్ని. మీ జాడీతో పాటు మాకు ఏ కవరూ రాలేదు.

మేనేజరుగారు నన్ను పక్కకి పిలిచి, "పోనీలెండమ్మా, ఎవరికీ తెలీదు. ఇప్పుడు కదిపితే సారు పేరే పోతుంది. వాళ్ళు ప్రశాంతంగా ఉన్నారు, మీరూ ప్రశాంతంగా ఉండండి" అన్నారు. మంచాయనే, నా మంచికే చెప్పారు. నేనూ తలూపి వచ్చేశాను. నిజంగానే నోరు మూసుకుంటే సరిపోయేది. ఆయన పేరూ నిలిచేది, మీరూ నా దగ్గర ఉండిపోయేవారు. ఈ బల్ల మీద ఏదో ఒకటి ఉండేది, మాట్లాడుకోవడానికి.

మధ్యలో రెండు రోజులు మీతో మాట్లాడలేదు, గమనించారా? మీ ఎదురుగా కూర్చుని గ్లాసులో కాఫీ చల్లార్చుకున్నాను. ఎవరో ఒకావిడ మొగుణ్ణి మూత పెట్టి దాచుకున్నట్టుంది. ఆ గుడ్డ తీసుకొచ్చి మీ మీద కప్పినట్టే కదా అనిపించింది. ఆయన చేసిందే నేనూ చేస్తే, ఇక నేను ఏ మొహం పెట్టుకుని ఆయన్ని తిట్టను? తిట్టకుండా ఉండటం నా వల్ల కాదు.

ఫోన్ చేశాను మీ ఆవిడకి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక ముందు రాడ్డు గురించి అడిగాను. "అవునమ్మా, కవర్లో ఒక ఇనప ముక్క ఇచ్చారు. మా ఆయనకి అలాంటివేం లేవే, మెషీనుది ఏదో ఊడిపడిందేమో అనుకున్నాం. మా అల్లుడు పనిముట్ల డబ్బాలో పడేశాడు" అంది. అప్పుడు చెప్పాను. మొత్తం చెప్పాను. ప్రోగ్రాము రాసింది మా ఆయనేనని, సరే అన్నది నేనేనని కూడా చెప్పాను.

ఆవిడ తిడుతుందని ఫోను చెవికి కాస్త దూరంగా పట్టుకున్నాను. తిట్టలేదు. వాళ్ళు బూడిద సముద్రంలో కలిపేశారట. పడవ కట్టించుకుని, ఇంటిల్లిపాదీ వెళ్ళి, మీకు ఇష్టమని బాగా లోపలిదాకా పోయి కలిపారట. మీకు నీళ్ళంటే ప్రాణమట కదా. ఆ మాట చెప్పి అడిగింది, "మీ ఆయనకి ఈతొచ్చా అమ్మా?" అని.

రాదండీ, నీళ్ళంటే భయం, అన్నాను.

"అయ్యో" అంది.

సంగతి తెలిశాక అంతవరకూ ఏడవలేదు నేను. ఆవిడ అయ్యో అన్నాక ఆగలేదు. ఆవిడ కూడా ఏడ్చింది. ఎవరి మొగుడి కోసం ఎవరు ఏడుస్తున్నారో ఇద్దరికీ తెలీలేదు. మధ్యలో మీ సంగతులు చెప్పింది. బస్సు కండక్టరు కదా మీరు. ఇంట్లో కూడా నోరు మూతపడేది కాదట, ఎవరు మాట మొదలెట్టినా మీరే పూర్తిచేసేవారట. మీరు ఐదు నెలలు నేను చెప్పింది విన్నారు అంటే ఆవిడ నమ్మలేదు. "మా ఆయనేనా?" అని రెండుసార్లు అడిగింది.

ఆవిడ వచ్చేటప్పుడు ఆ రాడ్డు తెస్తానంది. మిమ్మల్ని ఇచ్చి నేను అది పుచ్చుకోవాలి. మా ఆయనలో ఇక మిగిలింది అదే.

వెళ్ళేముందు ఇంకొక్కటి ఉందండీ. మిమ్మల్ని తెచ్చిన కొత్తలో ఒకరోజు మీ ముందు కూర్చుని బాగా ఏడ్చాను, గుర్తుందా? "నీకు నా తప్పులు తప్ప నేను కనపడను" అన్నావు కదా, ఆ మాట క్షమించాను పో, అన్నాను. పలకరించకుండా పోయినందుకు కూడా క్షమించాను అన్నాను. ఎంత తేలికపడ్డానో ఆ రోజు. కడుపు నిండా అన్నం తిన్నాను. ఇప్పుడు చూస్తే అది కూడా మీ నంబరు మీదే పడింది. మీరేం చేశారని మిమ్మల్ని క్షమించాను? ఆయనకి చేరనే లేదు.

తిరిగి ఇవ్వక్కర్లేదు, ఉంచుకోండి. అంత మాట్లాడే మనిషంటే మీ ఆవిడ దగ్గర కూడా క్షమించాల్సినవి కొన్ని ఉండే ఉంటాయి, అందులో సర్దుకోండి.

అదిగో, కింద టైలరు ఎవరికో మా మెట్లు చూపిస్తున్నాడు. మీ ఆవిడే అయ్యుంటుంది. ఆ మెట్లు జాగ్రత్తగా ఎక్కమనాలి, ఎదురెళ్తాను.

ఆ రాడ్డు ఎక్కడ పెడతాననా? ఇక్కడే, మీరున్న చోటే. ఇంకో కంప్యూటర్ కూడా తెచ్చి ఈ బల్ల మీద పెట్టిస్తాను. ఇకమీదట ఏది పరీక్షించినా రెండిటి మీదా పరీక్షిస్తాను, గుడ్డ లేకుండా, ఆయన ఎదురుగానే. చూడనివ్వండి.

క్షమించడమా? ఏమో. ఆయన అడిగితే మాత్రం తల ఎత్తకుండా చెప్తాను, ఎప్పుడో చేసేశానని.